సాయ్‌కల్ చెల్లెలు

బుర్మెత్ చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు చూపించినప్పుడు కుక్క కరిచిందనుకున్నాను. నాలుగు పళ్ల గాట్లు, చుట్టూ కమిలిన చర్మం.

"సూది వేయించుకున్నావా?" అని అడిగాను.

"కుక్క కాదు ఎజె. మా సాయ్‌కల్."

బుర్మెత్ మా పక్కింటావిడ. బిష్కెక్ రోడ్డు పక్కన పొగబెట్టిన చేపలు అమ్ముతుంది. సాయ్‌కల్ ఆమె కూతురు. పద్నాలుగేళ్లు, మా బడిలో ఎనిమిదో తరగతి. ఆ తరగతి బాధ్యత నాది. భూగోళం చెబుతాను. సరస్సు ఒడ్డున ఉన్న మా బాలిక్‌చీ ఊళ్లో టీచరమ్మని ఎజె అంటారు, అక్కని పిలిచినట్టే. బడిలోనైనా ప్రహరీ పక్కనైనా వాళ్లందరికీ నేను ఎజెనే.

"ఏం చేశావు దాన్ని?"

"నేనేం చేశాను? టీ చల్లారిపోతోంది రావే అని మూడుసార్లు పిలిచా. నాలుగోసారి వెళ్లి ఫోన్ లాక్కున్నా. అంతే, మీద పడింది. కరిచాక అదే బెదిరిపోయి ఏడ్చింది. ఏడుస్తూనే నా చేతిలోంచి ఫోన్ మళ్లీ తీసేసుకుంది."

"వాళ్ల నాన్నకి చెప్పావా?"

"ఆయన లారీ వేసుకుని కజక్ సరిహద్దులో ఉన్నాడు. చెప్తే ఏమంటాడు? ఆ ఫోను తీసుకెళ్లి సరస్సులో పారెయ్ అంటాడు. నిరుడూ అదే అన్నాడు. పారెయ్యాల్సిందీ నేనే, కరిపించుకోవాల్సిందీ నేనే."

ఆమె నవ్వబోయి మానేసింది. అది అక్టోబరు చివరి వారం. అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. కొంత నేను చూశాను, ఎక్కువ భాగం సాయ్‌కలే చెప్పింది.

ఆ పిల్లకి ఫోన్ రావడంలో నా వంతూ ఉంది. అంటుజబ్బు వచ్చి ఊరూరా బళ్లు మూసేసినప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక ఫోన్ ఉండాలని తిరిగి తిరిగి చెప్పినవాళ్లలో నేనొకదాన్ని. అప్పుడు సాయ్‌కల్‌కి తొమ్మిదేళ్లు. మొదట పాఠాలు, తర్వాత బొమ్మలు, తర్వాత చిన్న చిన్న వీడియోలు. పన్నెండేళ్లు నిండకుండానే వయసు ఎక్కువ వేసి సొంత ఖాతా తెరిచింది. దానికి 'నీలి సరస్సు పిల్ల' అని పేరు పెట్టుకుంది.

ఆ వీడియోల్లోని పిల్లని నేను తర్వాత చూశాను. తెల్లటి నున్నటి ముఖం, పెద్ద కళ్లు, సన్నటి గడ్డం, గోధుమరంగు జుట్టు. అవన్నీ యాప్ ఇచ్చినవి. మా ఊరి గాలికి పెరిగిన పిల్లల బుగ్గలు ఎర్రగా పగిలి ఉంటాయి. సాయ్‌కల్‌వీ అంతే. పైగా ఆ ఏడాది నుదుటి మీద మొటిమలు లేచాయి. వీడియోలో ఆ పిల్ల మంచం మీద కూర్చుని, చెయ్యి చెంపకి ఆనించి, తాను రొట్టె ముట్టుకోనని, నూనె వాసన చూడనని, అందుకే ఇలా ఉన్నానని చెప్పేది. ఆ మాటలు వేరే ఎవరో అమ్మాయి దగ్గర విని నేర్చుకున్నవి. ఇంట్లో మాత్రం సాయ్‌కల్ పూటకి పళ్లెమంత రొట్టెలో సగం తినేసేది. అబద్ధమాడుతున్నానన్న ఆలోచన తనకి రాలేదట. మిగతా వీడియోలకి వంద మంది లైక్ కొడితే వీటికి వేయి మంది కొట్టేవారు, అందుకే చేసేదట. తొమ్మిది వేల మంది పైచిలుకు తనని అనుసరించేవారు.

ఆ తొమ్మిది వేల మంది కోసం ఆ పిల్ల పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. మొదటి పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చి నిద్రపోయేది. వాలీబాల్ మానేసింది. మార్కులు పడిపోయాయి. తరగతి ఫోటో తీసే రోజున కడుపునొప్పి అని వెళ్లిపోయింది. ఫోన్ జేబులో ఉన్నా మోగినట్టు అనిపించి తొడ తడుముకునేది. నేను రెండుసార్లు మందలించాను. రెండుసార్లూ "సరే ఎజె" అంది. నేనూ అంతటితో వదిలేశాను.

ఆ తొమ్మిది వేల మందిలో ఒకతె అదినాయ్. మా ఊరికి నాలుగు గంటల దూరంలో ఉన్న ఆత్‌బాషీ పిల్ల, సాయ్‌కల్ కంటే ఏడాది పెద్ద. ఇద్దరూ రోజూ మాట్లాడుకునేవారు, రాతలోనే. ముఖం చూపించమని అదినాయ్ అడిగినప్పుడల్లా ఇక్కడ సిగ్నల్ సరిగా ఉండదని సాయ్‌కల్ తప్పించుకునేది. రోజూ తప్పకుండా పలకరించుకునే జంటకి ఆ యాప్ పక్కన ఒక అంకె వేస్తుంది, రోజుకొకటి పెరుగుతుంది. ఒక్కరోజు తప్పితే సున్నా. వాళ్లది రెండు వందల పన్నెండుకి చేరింది. సాయ్‌కల్ పుట్టినరోజుకి అదినాయ్ ఒక పెట్టె పంపింది. అందులో ఎండబెట్టిన పెరుగు ఉండలు, వాళ్లమ్మ అల్లిన ఉన్ని మేజోళ్లు ఉన్నాయి. ఇంటి చిరునామా అప్పుడు ఇచ్చిందే.

రెండు వందల పదమూడో రోజున అదినాయ్ పలకలేదు. మర్నాడూ పలకలేదు. అంకె సున్నా అయింది. సాయ్‌కల్ రోజుకి ముప్పై నలభై సార్లు రాసింది. ముందు బతిమాలింది, తర్వాత తిట్టింది. ఏడో రోజున వీడియో పెట్టింది. అవసరానికి స్నేహం నటించి వదిలేసేవాళ్లు ఉంటారని, అలాంటిదే ఆత్‌బాషీలో ఒకతె ఉందని, పేరు అదినాయ్ అని చెప్పి ఆ పిల్ల ఫోటో పక్కన పెట్టింది. ఆరు వందల మంది చూశారు. ఫోటో కింద నవ్వుతూ రాశారు, ముఖాన్ని రొట్టెతో పోల్చారు. వాటిని చదువుకుంటూ ఉన్నప్పుడే బుర్మెత్ టీకి పిలిచింది. కరిచింది ఆ రోజే.

నవంబరు మొదటి శనివారం బడికి సెలవులు. బుర్మెత్ చేపలమ్మడానికి రోడ్డు మీదికి వెళ్లింది. ముసలావిడ, అంటే సాయ్‌కల్ నాయనమ్మ, చుట్టాలింట్లో కర్మ భోజనానికి వెళ్లింది. పెరట్లో సాయ్‌కల్ పీపా దగ్గర కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. తల్లి పాత కోటు, దాని మీద పొలుసులంటిన ఏప్రాన్, గాలికి ముక్కు దాకా చుట్టుకున్న తలగుడ్డ. పొద్దున తొమ్మిది దాటాక ఎవరో గేటు కొట్టారు.

తీస్తే అదినాయ్. ఫోటోల్లో చూసిందే కాబట్టి సాయ్‌కల్ వెంటనే గుర్తుపట్టింది. మనిషి మాత్రం ఫోటోల కంటే బాగా చిక్కిపోయి ఉంది.

"సాయ్‌కల్ వాళ్ల ఇల్లు ఇదేనా?" అంది అదినాయ్.

సాయ్‌కల్ తలూపింది.

"నువ్వు తన చెల్లెలివా?"

ఆ మాట అనకపోయి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదని సాయ్‌కల్ నాతో అంది. బహుశా గేటు వేసేసేదాన్నేమో అంది. కానీ ఆ పిల్లే దారి చూపించింది.

"ఆ, చెల్లెల్ని. మేరిమ్."

"చెల్లెలుందని చెప్పనేలేదే! అక్క ఉందా?"

"లేదు. బిష్కెక్ వెళ్లింది. ఎల్లుండి గానీ రాదు."

అదినాయ్ ముఖం వాడిపోయింది. వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసింది. "మామయ్య బంగాళాదుంపల లోడుతో బిష్కెక్ పోతూ నన్నిక్కడ దింపాడు. మళ్లీ సాయంత్రం ఐదింటికి వస్తాడు. అందాకా రోడ్డు మీద నిలబడతాలే."

గాలికి నిలబడలేక గేటు చువ్వ పట్టుకుంది. మా వాళ్లు గుమ్మంలోకి వచ్చిన మనిషిని రోడ్డు మీద వదలరు. సాయ్‌కల్ కూడా వదలలేకపోయింది.

"లోపలికి రా. టీ పెడతా."

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, బల్ల మీద రొట్టె, వెన్న, జామ్ పెట్టింది. తలగుడ్డ మాత్రం తియ్యలేదు. పంటి నొప్పి అని చెప్పింది. అదినాయ్ పాలు పోయని టీ అడిగి పుచ్చుకుంది. రొట్టెని కొంచెం పక్కకి జరిపింది.

"తిను. నాలుగు గంటలు ప్రయాణం చేసొచ్చావు."

"నేను తినను. మీ అక్క కూడా తినదుగా? నీకు తెలీదా ఏంటి?" అని నవ్వింది. "మే నెల నుంచి మానేశా. మొదట్లో కష్టంగా ఉండేది. బళ్లో రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాను. రెండోసారి నుదురు బెంచీకి తగిలింది, చూడు. మీ అక్కకి చెప్తే మొదట్లో అలానే ఉంటుంది, తట్టుకో అంది."

సాయ్‌కల్ అలా రాసిన మాట నిజమే. ఏదో వీడియో తీస్తూ మధ్యలో రాసింది. రాసిన సంగతి కూడా గుర్తులేదు.

"మరి ఎందుకొచ్చావు, చెప్పకుండా?"

"చెప్పడానికి ఫోన్ ఏదీ? మా అమ్మ పగలగొట్టేసింది. పగలూ రాత్రీ దాన్నే పట్టుకుని కూర్చుంటున్నానని గొడ్డలి తిరగేసి కొట్టింది. పొయ్యి రాయి మీద పెట్టి మరీ! ఇప్పటికి తొమ్మిది రోజులు. మీ అక్క ఏమనుకుంటుందో పాపం. నేనే వదిలేశాననుకుని బెంగ పెట్టుకుని ఉంటుంది. ఉత్తరం రాద్దామంటే ఎప్పటికి చేరుతుందో. మామయ్య ఇటొస్తున్నాడని తెలిసి కాళ్లు పట్టుకున్నంత పని చేశా. మొహాన చెప్పేసి పోదామని." గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. "తను బాగానే ఉందా? ఏడ్చిందా?"

"కొంచెం" అంది సాయ్‌కల్.

ఆ వెంటనే వంటగదిలోకి వెళ్లింది. తలుపు వెనక నిలబడి ఫోన్ తీసి ఆ వీడియో చెరిపేసింది. అప్పటికే దాన్ని ఎవరో తమ ఖాతాలో పెట్టుకున్నారు. అక్కడ ఇంకో మూడు వందల మంది చూశారు. దాన్ని చెరపడం తన చేతిలో లేదు. చేతులకి చేప నూనె ఉండటంతో ఫోన్ రెండుసార్లు జారింది. తిరిగొచ్చేసరికి అదినాయ్ గోడ మీద ఫోటోలు చూస్తోంది. పెళ్లి ఫోటో, సైన్యంలో తాతయ్య ఫోటో. సాయ్‌కల్ ఫోటో ఒక్కటీ లేదు. వేసవిలో తనే అన్నీ పీకేసింది.

"మీ అక్కది ఒక్కటీ లేదే?"

"దానికి నచ్చవు" అంది సాయ్‌కల్. ఆ రోజు మొత్తంలో అబద్ధం కాని మొదటి మాట అదేనట.

పదకొండు గంటలప్పుడు ముసలావిడ వచ్చింది. భోజనానికి పిలిచిన ఇంటివాళ్లు ఇచ్చిన మూట చంకలో ఉంది. అందులో నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్సోక్‌లు. ఆమెకి చెవులు సరిగా వినిపించవు, అందుకని గట్టిగా మాట్లాడుతుంది.

"సాయ్‌కల్! ఎవరే ఈ పిల్ల? ఏమే, ఇంట్లో కూర్చుని కూడా తలకి ఆ గుడ్డ ఏంటి? తీసి ఒక పళ్లెం పట్రా. వచ్చిన పిల్లకి ఒట్టి టీ పోసి కూర్చోబెట్టావా, సిగ్గు లేకపోతే సరి!"

సాయ్‌కల్ కదల్లేదు. అదినాయ్ ముసలావిడ వైపు చూసి, సాయ్‌కల్ వైపు చూసింది. ముసలావిడే చెయ్యి చాచి మనవరాలి తలగుడ్డ లాగేసింది.

ముసలావిడ మూట విప్పుతోంది.

"నువ్వా?" అంది అదినాయ్.

"నేనే."

"మరి ఆ మొహం?"

"ఫోన్‌ది."

"రొట్టె?"

"తింటాను. అందరిలాగే."

అదినాయ్ లేచి బూట్లు వేసుకుంది. లేసులు కట్టుకోకుండానే బయటికి నడిచింది. పిల్లకి బోర్సోక్‌లు నచ్చలేదా అని ముసలావిడ వెనక నుంచి అడుగుతూనే ఉంది.

వెళ్లడానికి చోటు లేక ఆ పిల్ల రోడ్డు దాకా వెళ్లి, మామయ్య దింపిన చోటే నిలబడింది. అది బుర్మెత్ చేపల బల్లకి ఇరవై అడుగులుంటుంది. ఎవరి పిల్లో వణుకుతూ నిలబడిందని బుర్మెత్ పిలిచి, గాలి తగలకుండా పెట్టెల వెనక కూర్చోబెట్టింది, తన దుప్పటి కప్పింది. సాయ్‌కల్ ఏప్రాన్‌తోనే పరుగెత్తుకొచ్చింది. తల్లి ఉందని కూడా చూడలేదు.

"ఇంకోటి కూడా చెప్పాలి. నీ మీద వీడియో పెట్టా. నీ పేరు చెప్పి, నీ ఫోటో పెట్టి తిట్టా. ఇవాళ తీసేశా కానీ వేరేవాళ్ల దగ్గర ఉంది."

"ఎప్పుడు?"

"మొన్న. నువ్వు వదిలేశావనుకుని."

అదినాయ్ అప్పుడు కొట్టింది. బల్ల మీదున్న పొగబెట్టిన చేపని తోకపట్టి తీసి సాయ్‌కల్ భుజం మీద, మెడ మీద, అందిన చోటల్లా కొట్టింది. చేప తల ఊడిపోయి రోడ్డు మీద పడింది. ఆగిన కారులోంచి ఒకాయన అద్దం దించి చూశాడు. బుర్మెత్ అడ్డం వెళ్లలేదు. ఎందుకెళ్లలేదని తర్వాత అడిగితే, "ఎవరో ఒకరు కొట్టాలి ఎజె. నా వల్ల కాలేదుగా" అంది.

చెయ్యి నొప్పెట్టాక అదినాయ్ పెట్టెల వెనక కూలబడింది. పక్కనే బుర్మెత్ మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టె గుడ్డలో ఉంది. ఆ పిల్ల దాన్ని అడక్కుండా తీసుకుంది. పెద్ద పెద్ద ముక్కలు తుంచి, ఎవరి వైపూ చూడకుండా తినడం మొదలుపెట్టింది.

"మెల్లిగా, తల్లీ. గొంతుకి అడ్డం పడుతుంది" అంది బుర్మెత్.

ఆ పిల్ల సగం రొట్టె తిని, కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంది. సాయ్‌కల్ ఎదురుగా నేల మీద కూర్చుంది. సాయంత్రం దాకా అక్కడి నుంచి లేవలేదు. ఐదు దాటాక లారీ వచ్చింది. అదినాయ్ బుర్మెత్‌కి వెళ్లొస్తానని చెప్పి, ఇచ్చిన చేపల పొట్లం తీసుకుని ఎక్కింది. సాయ్‌కల్ వైపు తిరగలేదు.

దీపాలు పెట్టే వేళకి సాయ్‌కల్ మా ఇంటికి వచ్చింది. ఏప్రాన్ ఇంకా విప్పలేదు. నిలబడే అంతా చెప్పింది. చివర్న ఫోన్ నా బల్ల మీద పెట్టింది.

"మీ దగ్గరుంచండి ఎజె. అమ్మ దగ్గరుంటే మళ్లీ కరుస్తానేమో."

రోజూ బడి అయ్యాక ఒక గంట ఇచ్చేలా మాట్లాడుకున్నాం. మాట మీద నిలబడిందని చెప్పను. రెండో రోజే ఉదయం ఏడింటికి గేటు దగ్గర ఉంది. "ఒక్కసారి చూసి ఇచ్చేస్తా" అంది. ఇచ్చాను. నలభై నిమిషాలు గాలిలో నిలబడి చూసింది. మొదటి రెండు వారాలు తలనొప్పి అనేది, తమ్ముళ్లాంటి పక్కింటి పిల్లల మీద విసుక్కునేది, బల్ల మీద వేళ్లు ఊరికే పైకి కిందికి జరుపుతూ ఉండేది. ఒకరోజు అసలు ముఖంతో వీడియో పెట్టింది. తను రొట్టె తింటానని, మీరూ తినండని, అదినాయ్ తప్పేమీ లేదని చెప్పింది. వారంలో రెండు వేల మంది వదిలిపోయారు. చేపలమ్మేదానా అని రాసినవాళ్లు రాశారు. తట్టుకోలేక మూడు రోజులు మళ్లీ పాత ముఖం పెట్టుకుంది. తర్వాత దాన్నీ మానేసింది. ఎందుకు మానేశావంటే తనకే తెలియదంది.

నేను హోంవర్క్ ఫోన్‌లో పంపడం ఆపి నల్లబల్ల మీద రాయడం మొదలుపెట్టాను. హెడ్మాస్టరు గొణిగాడు. తల్లిదండ్రుల సమావేశంలో పేర్లు చెప్పకుండా ఈ కథ చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ముందు వరుసలో ఇద్దరు తండ్రులు తల దించుకుని ఫోన్లు చూసుకుంటూనే ఉన్నారు.

సాయ్‌కల్ ఆత్‌బాషీకి మూడు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. మార్చిలో అదినాయ్ వాళ్లమ్మ బుర్మెత్‌కి ఫోన్ చేసింది. పిల్లని నారిన్ ఆసుపత్రిలో రెండు వారాలు ఉంచారట, ఒంట్లో రక్తం లేదన్నారట. "మీ అమ్మాయి నా బిడ్డని చంపేసి ఉండేది" అందట. బుర్మెత్ ఎదురు చెప్పలేదు. "నిజమేనమ్మా" అంది. ఆ తల్లి కాసేపు ఏడ్చి, ఫోన్‌ని గొడ్డలితో పగలగొట్టినందుకు తనకీ నిద్ర పట్టడం లేదని చెప్పింది. తర్వాత ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

మే నెలలో ఉత్తరం వచ్చింది. నాలుగే వాక్యాలు. సాయ్‌కల్ తెచ్చి చూపించింది. "నేను తింటున్నాను. సూదులు ఇంకా వేస్తున్నారు. నీ మీద కోపం పోలేదు. నువ్వు రాయొద్దు, రాయాలనిపిస్తే నేనే రాస్తాను."

సాయ్‌కల్ రాయలేదు. ఆ ఒక్కటి మాత్రం అక్షరాలా పాటించింది.

ఇప్పుడు తొమ్మిదో తరగతికి వచ్చింది. ఫోన్ తన దగ్గరే ఉంటుంది. నయమైపోయిందని నేను అనను. కొన్ని సోమవారాలు తనే వచ్చి, "ఎజె, నిన్న ఐదు గంటలు" అని చెప్పి వెళ్లిపోతుంది. కొన్ని వారాలు ఏమీ చెప్పదు, నేనూ అడగను.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం నేను చేపలు కొనడానికి వెళ్లినప్పుడు బల్ల దగ్గర సాయ్‌కల్ ఒక్కతే ఉంది. ఒళ్లో చించిన కవరు, చేతిలో రెండు కాగితాలు, రెండు వైపులా రాసినవి. కవరు మీద ఆత్‌బాషీ తపాలా ముద్ర కనిపించింది. ఈసారి నాకు చూపించలేదు. చదవడం పూర్తయ్యేదాకా నేను గాలికి వీపు పెట్టి నిలబడ్డాను. మడిచి చొక్కాలో పెట్టుకుని, ముఖం తుడుచుకుని లేచింది.

"ఎన్ని కావాలి ఎజె? ఇవాళవి బాగున్నాయి" అంది.